ఇంతమంది దేవదాసుల్లో ముందు ఎవర్ని చూడాలి

నెల్లూరు మూలాపేటలో మా ఇంటి మిద్దె మీద నెలకి రెండు శనివారాలు సినిమా వేస్తాం. పెద్ద ఏర్పాటేం కాదు, మా బావమరిది మద్రాసు నుంచి తెచ్చిన సెకండ్‌హ్యాండ్ ప్రొజెక్టర్ ఒకటి ఉంది, నీళ్ళ ట్యాంకు గోడకి సున్నం కొట్టించి దాన్నే తెర అనుకుంటాం, వీధిలోవాళ్ళు పది పదిహేను మంది చాపలు దిండ్లు చంకన పెట్టుకుని వస్తారు, ఎండాకాలం అయితే ఇంకా ఎక్కువ, ఇంట్లో ఉక్కకి ఎవరికీ నిద్ర పట్టదు కదా.

మా అమ్మ ఎప్పుడూ ఇది పెట్టు అది పెట్టు అని అడగదు. అట్టాంటిది మొన్న వేసవిలో "ఈసారి దేవదాసు పెట్టండ్రా" అనింది. సరే అని మా చిన్నాయన కొడుక్కి చెప్పినా. వాడు ఫోన్లో దేవదాసు అని కొట్టి పైన ఏదొస్తే అది నొక్కేసినాడు. కలర్లో టైటిల్స్, పెద్ద మోత. అమ్మ పాపం కళ్ళజోడు తుడుచుకుని పది నిమిషాలు ఓపిగ్గా చూసి "నాగేశ్వరరావు ఎప్పుడొస్తాడ్రా?" అనింది. అప్పటికి గోడ మీద రామ్ డాన్స్ చేస్తుండాడు. అది 2006లో వచ్చిన సినిమా, రామ్‌కి మొదటి సినిమా, ఇలియానా హీరోయిన్, శరత్‌చంద్ర రాసిన దేవదాసు నవలకీ దానికీ పేరొక్కటే చుట్టరికం.

ఆ నవ్వులాట అయిపోయినాక అసలు రచ్చ మొదలైంది. చిన్నాయన ఏమో దిలీప్ కుమార్‌ది పెట్టాలంటాడు, పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయి షారుఖ్‌ది అంటది, మా వాడు సైలెంట్‌గా "అనురాగ్ కశ్యప్‌ది ఉంది కదన్నా" అని నా చెవిలో గొణిగినాడు. ఇంతమంది ఇన్ని చెప్పేసరికి నాకు పట్టుదల వచ్చి మూడు వారాలు వరసగా కూర్చుని దొరికినవన్నీ చూసినా. నవల కూడా మళ్ళీ చదివినా. ఇప్పుడు ఎవరన్నా "ముందు ఏది చూడాలి" అని అడిగితే నా దగ్గర ఒక సమాధానం ఉంది, కాకపోతే అది అడిగే మనిషిని బట్టి మారతా ఉంటది, అందుకే ఇంత రాయాల్సొస్తుంది.

ముందు వెతికేటప్పుడు మోసపోకుండా చూసుకోండి. 2006ది చెప్పినా కదా. 2018లో నాగార్జున, నాని చేసిన దేవదాస్ ఒకటుంది, అందులో ఒకాయన డాన్, ఒకాయన డాక్టరు, అదొక కామెడీ. 1978లో దాసరి తీసిన దేవదాసు మళ్ళీ పుట్టాడు కూడా వేరే కథే, అక్కినేని ఉండాడు కాబట్టి పొరపాటు పడే ఛాన్స్ ఎక్కువ. అందులో మా నెల్లూరు వాణిశ్రీ ఉంది కాబట్టి చూస్తామంటే మీ ఇష్టం, నేను అడ్డం చెప్పను.

ఇంక అసలు దేవదాసులకి వద్దాం. శరత్‌చంద్ర నవల 1917లో అచ్చయింది, ఆయన రాసింది మాత్రం అంతకు చాలా ముందు, మీసాలు కూడా సరిగా రాని వయసులో. మన తెలుగోళ్ళకి చక్రపాణి గారి అనువాదాల పుణ్యాన శరత్ బాబు బెంగాలీ అనే సంగతే చాలామందికి తట్టేది కాదు, తెనాలి పక్క మనిషేమో అనుకునేవాళ్ళు అట. కథ అందరికీ తెలిసిందే. జమీందారు కొడుకు, పక్కింటి పిల్ల, చిన్నప్పటి నుంచి స్నేహం, పెళ్ళి మాట వచ్చేసరికి పెద్దోళ్ళు కులం, అంతస్తు అని అడ్డం పడతారు, ఆ పిల్లని రెండో పెళ్ళివాడికి కట్టబెడతారు, వీడు తాగి తాగి చివరికి ఆమె ఇంటి గుమ్మం ముందు పోతాడు.

ఇక్కడ ఒక చిన్న లిటిగేషన్ ఉంది, నేను ఎంచుకునే పద్ధతంతా దాని మీదే నిలబడి ఉంటది. జాగ్రత్తగా చూస్తే దేవదాసు కథ మొత్తం మీద చేసే పని ఏమీ లేదు. అడగాల్సిన రాత్రి అడగడు. నిలబడాల్సిన చోట పట్నం పారిపోతాడు. అక్కడి నుంచి ఒక ఉత్తరం రాస్తాడు, అది వేసినాక నాలుక కరుచుకుంటాడు. అంతా అయిపోయినాక బాధపడతాడు, ఆ బాధపడటమే ఆయన ఫుల్‌టైమ్ ఉద్యోగం. కథని నడిపేది మిగతావాళ్ళు. అర్ధరాత్రి ఒంటరిగా అతని గదికి వచ్చి నన్ను ఏం చేస్తావో చెప్పు అని అడిగేది పార్వతి. వేశ్య వృత్తి మానేసి, నగలమ్మేసి, పల్లెటూర్లో గుడిసె వేసుకుని ఉండేది చంద్రముఖి. గ్లాసు చేతికిచ్చి ఆ వీధి చూపించేది ఫ్రెండు. ముగ్గురూ ఏదో ఒకటి చేస్తారు, వీడొక్కడే చెయ్యడు. అట్టాంటి హీరోని ఎవరు చేసినా కాస్త గడ్డం, కాస్త శాలువా, కాస్త దగ్గుతో నెట్టుకొచ్చేయొచ్చు (ఫ్యాన్స్ కొట్టకండి, ఇంకా చెప్తుండా). అందుకని ఏ దేవదాసు మంచిదో తేల్చాలంటే నేను హీరోని చివర్లో చూస్తా. ముందు పార్వతి ఎవరు, తర్వాత చంద్రముఖి ఎవరు, ఆ తాగించే ఫ్రెండు ఎవరు, అదీ నా వరస.

వయసులు కూడా ఒకసారి చూడండి, సరదాగా ఉంటది. నవల్లో పార్వతి పెళ్ళి మాటలప్పటికి ఆమెకి 13 ఏళ్ళు, వాడికి 19 దరిదాపుల్లో. అంటే ఇద్దరూ పిల్లలే, ఆ పిరికితనం, ఆ మొండితనం అన్నీ ఆ వయసువి. సినిమాల్లో ఆ వయసు ఎవరూ పట్టుకోలేదు, పట్టుకోవడం కుదరదు కూడా. అక్కినేనికి 1953లో 29, దిలీప్ కుమార్‌కి 1955 నాటికి 32 దాటినాయి, కృష్ణకి 31, షారుఖ్‌కి 36, అభయ్ దేఓల్‌కి 32. ముప్పై ఆరేళ్ళ మనిషి లండన్లో లా చదువుకొచ్చి, అమ్మా నాయన ఒప్పుకోలేదని వెనక్కి తగ్గితే మనకి జాలి రావడానికి రెండింతలు కష్టపడాలి కదా. అది నటుడి తప్పు కాదు, కానీ తేడా మాత్రం తెలుస్తాది.

సరే, 1953ది. మన తెలుగుది. వినోదా వాళ్ళ సినిమా, డి.ఎల్. నారాయణ నిర్మాత, వేదాంతం రాఘవయ్య డైరెక్టరు, తెలుగూ తమిళమూ రెండిట్లో తీసినారు. అక్కినేని అప్పటిదాకా బాలరాజు, కీలుగుర్రం లాంటి జానపదాల హీరో, ఈయనేంది దేవదాసేంది అన్నవాళ్ళు అప్పట్లో ఉండారు. ఆ మత్తు కళ్ళ కోసం తాగుడు సీన్లు రాత్రిళ్ళు తీసినారని మా నాయన చెప్పేవాడు, నిద్ర ఆపుకున్న మనిషి కళ్ళు ఎట్టా ఉంటాయో అట్టానే ఉంటాయి చూడండి, రెప్ప పడబోయి ఆగి మళ్ళీ లేస్తాది. నటనలో తూలడం కన్నా ఆ రెప్పే నాకు ఎక్కువ నచ్చింది. పెద్దగా అరవడు. తెలుగు సినిమాలో తాగుబోతు అంటే ఇప్పటికీ ఆ శాలువా, ఆ గడ్డం, ఆ పక్కన కుక్కా గుర్తొస్తాయంటే డెబ్బై ఏళ్ళు దాటినా ఆ మనిషి చేసిన పని చెరిగిపోలేదు.

కానీ నా లెక్కలో ఈ సినిమాని నిలబెట్టింది సావిత్రి. అప్పటికి ఆమెకి ఇరవై కూడా నిండలేదు. అంతకుముందు చిన్నా చితకా వేషాలు, ఇదే పెద్ద పరీక్ష. నవల్లో పార్వతి వయసుకి తర్వాత వచ్చిన పార్వతులందరికన్నా దగ్గరగా ఉండేది ఈమే, అందుకే దేవదాసుతో కీచులాడేటప్పుడు అది నిజంగా చిన్నప్పటి నుంచి కొట్టుకున్న పిల్లల కీచులాట లాగా ఉంటది, హీరోహీరోయిన్ల డ్యూయెట్ లాగా ఉండదు. మళ్ళీ పెళ్ళయి జమీందారు ఇంట్లో అడుగు పెట్టినాక అదే పిల్ల అంత పెద్ద ఇంటికి యజమానురాలు అయిపోతది, నడకే మారిపోతది. పిల్ల నుంచి పెద్దమనిషి అవడాన్ని మేకప్ మీద వదిలెయ్యకుండా ఒంట్లో చూపించిన పార్వతి నాకు ఈమె ఒక్కతే కనపడింది.

మేం అసలు దేవదాసు పెట్టిన శనివారం నాడు, ఆ అర్ధరాత్రి గదికొచ్చే సీను అప్పుడు నేను తెర చూడ్డం మానేసి చాపల మీద కూర్చున్నోళ్ళని చూసినా. మిరపకాయ బజ్జీల పొట్లం మధ్యలో ఉంది, నూనె కాయితం మీదికి దిగతా ఉంది, అందరి చేతులూ ఒళ్ళోనే ఉండాయి. మామూలుగా అయితే ఆ పొట్లం మా మిద్దె మీద ఐదు నిమిషాలు నిలవదు.

చంద్రముఖి లలిత, ట్రావెన్కోర్ సిస్టర్స్‌లో పెద్దామె, పద్మిని, రాగిణిల అక్క. డాన్సర్ కాబట్టి ఆ మేళం సీన్లలో ఎట్టాగూ బాగుంటది, కానీ డాన్స్ ఆపేసినాక ఉండే చంద్రముఖి ఇంకా బాగుంటది. ఆయన తిడితే పడుతుంది, కానీ ఆ పడటంలో బేలతనం లేదు, వీడి రోగం ఏందో నాకు తెలుసు అన్నట్టు చూస్తది. ఫ్రెండు భగవాన్‌గా పేకేటి శివరాం, తర్వాత డైరెక్షన్ కూడా చేసినాడు ఆయన. నవ్వుతా నవ్వుతా చెడగొట్టే మనిషి, మన ఊళ్ళలో ప్రతి సెంటర్లో ఒకడుంటాడు ఇట్టాంటోడు, వాడి మీద కోపం రాదు, అదే వాడి బలం. ఇంకొకటి చెప్పాలి. దేవదాసు నాయనగా ఎస్వీ రంగారావు. ఆయనకీ నాగేశ్వరరావుకీ వయసులో తేడా ఐదారేళ్ళే! సినిమాలో మాత్రం ఆయన గొంతు వినపడితే కొడుకే కాదు, మా మిద్దె మీద పిల్లలు కూడా సర్దుకుని కూర్చున్నారు. పార్వతి మొగుడు సీఎస్సార్, ఆ పెద్దాయన గురించి తర్వాత చెప్తా.

గొంతు కూడా కాస్టింగే అని నాకు ఈ సినిమా చూసినాకే తెలిసింది. ఘంటసాల లేకపోతే ఈ దేవదాసు సగమే. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్, పాపం ఆయన సినిమా రిలీజ్ చూడకుండానే 1952లో చిన్న వయసులోనే పోయినాడు, మిగిలింది ఆయన దగ్గర పనిచేసిన విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేసినారు. మా మిద్దె మీద జగమే మాయ పాట సగంలో కరెంటు పోయింది. గోడ మీద నాగేశ్వరరావు మాయం. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలా. తర్వాత చీకట్లో మా అమ్మ పాట అందుకునింది, ఆమెతో పాటు ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు, ఆ పక్కన ఇంకెవరో, అట్టా చివరి దాకా పాడేసినారు, ఒక్క మాట కూడా తప్పు పోలా. కరెంటు మాత్రం ఒంటి గంట దాకా రాలా, అందరూ చాపలు చుట్టుకుని కిందికి దిగిపోయినారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. సినిమా మూడు గంటల పైనే ఉంటది. ఫ్రీగా దొరికే ప్రింట్లు అన్నీ ఒకటి కాదు, కొన్నిట్లో సీన్లు ఎగిరిపోయి ఉంటాయి, కొన్నిట్లో సౌండ్ గరగర. పెట్టే ముందు నిడివి ఎంతుందో చూసుకోండి, రెండున్నర గంటలకే అయిపోతుందంటే అది కోసిన ప్రింటే. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి ప్రొజెక్టర్లో బ్రైట్‌నెస్ బాగా పెంచేస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు అయిపోతాయి, కొంచెం తగ్గించి కాంట్రాస్ట్ పెంచుకోండి.

ఇప్పుడు 1955 హిందీది, బిమల్ రాయ్‌ది. చిన్నాయన దీన్ని తలమీద పెట్టుకుంటాడు, చూసినాక నాకూ అర్థమైంది ఎందుకో. బిమల్ రాయ్ 1936లో సైగల్ చేసిన హిందీ దేవదాస్‌కి కెమెరామన్, అంటే ఈయన ఆ కథని ఇరవై ఏళ్ళు కడుపులో పెట్టుకుని తీసినాడు. నవలకి అన్నిట్లోకీ దగ్గరగా ఉండేది ఇదే. దిలీప్ కుమార్ అక్కినేని కన్నా ఇంకా లోపలికి వెళ్ళిపోతాడు, కొన్ని సీన్లలో ఈయన మాట్లాడుతుండాడా గొణుగుతుండాడా అనిపిస్తది, అది అలవాటు పడేదాకా కొంచెం టైం పడతది. పార్వతి సుచిత్రా సేన్, బెంగాల్లో అప్పటికే పెద్ద స్టార్, హిందీలో ఇదే మొదటిది. చాలా అందంగా, చాలా గంభీరంగా ఉంటది, కాకపోతే చిన్నపిల్లలాగా ఉండాల్సిన చోట కూడా గంభీరమే. సావిత్రిని చూసొచ్చిన కళ్ళకి అక్కడ కొంచెం వెలితి.

కానీ చంద్రముఖి! వైజయంతిమాల. మన పక్కన మద్రాసు అమ్మాయే. ఈ పాత్రకి ఆమెకి ఫిలింఫేర్ వాళ్ళు సహాయ నటి అవార్డు ఇస్తే తీసుకోలేదు, నాది పార్వతికి సమానమైన పాత్ర, సహాయ పాత్ర ఏంది అని. సినిమా చూసినాక ఆమె మాట కరెక్టే అనిపిస్తది. ఇందులో ఒక సీను ఉంది, పల్లకీలో పార్వతి పోతా ఉంటది, ఎదురుగా దారిలో చంద్రముఖి నడిచొస్తా ఉంటది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, ఎవరు ఎవరో తెలీదు, మాట లేదు, దాటుకుని పోతారు, అంతే. నేను దాన్ని నాలుగు సార్లు వెనక్కి తిప్పి చూసినా. ఒక మొగోడి చుట్టూ ఉండే ఇద్దరు ఆడవాళ్ళని ఒక ఫ్రేములో పెట్టి ఒక్క డైలాగు కూడా రాయకుండా వదిలేయడానికి ఎంత గుండె ధైర్యం ఉండాలో. ఫ్రెండు చున్నీబాబుగా మోతీలాల్, ఈయన మన పేకేటి కన్నా ఒక మెట్టు పైనే అని ఒప్పుకోవాలి, ఎప్పుడు యాక్టింగ్ మొదలుపెట్టినాడో ఎప్పుడు ఆపినాడో తెలీదు, క్లబ్బులో మన పక్క కుర్చీలో కూర్చున్నోడి లాగా ఉంటాడు.

అంటే నా వరసలో పార్వతికి తెలుగు, చంద్రముఖికీ ఫ్రెండుకీ హిందీ 1955. ఇద్దరు దేవదాసుల్లో ఎవరు గొప్ప అని మళ్ళీ అడగొద్దు, చిన్నాయనతో అదే మాట మీద రెండు రోజులు మాటల్లేవు.

షారుఖ్‌ది, 2002, సంజయ్ లీలా భన్సాలీ. దీని గురించి నేను మాట్లాడితే పక్కింటి అమ్మాయి కొట్టేట్టు ఉంది, అయినా మాట్లాడతా. అప్పటికి హిందీలో అంత డబ్బు పెట్టి ఎవరూ తియ్యలేదు, కాన్ ఫిలిం ఫెస్టివల్లో కూడా వేసినారు, శ్రేయా ఘోషల్ పాటలకి నేషనల్ అవార్డు వచ్చింది, ఇవన్నీ నిజమే. పెద్ద తెర మీద చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఆ అద్దాలు, ఆ దీపాలు, ఆ చీరలు. మా సున్నం గోడ మీద కూడా బాగుంది, ముందు వరసలో కూర్చున్న ఆడోళ్ళు ఐశ్వర్య చీర అంచుల గురించి ఇంటర్వెల్ అంతా మాట్లాడుకున్నారు. పెళ్ళి చీరల షాపులో కూర్చున్నట్టు సుఖంగా ఉంటది సినిమా.

నాకు పేచీ ఎక్కడంటే ఎవరూ మామూలుగా మాట్లాడరు. అందరూ డైలాగులు చెప్తారు. పార్వతి వాళ్ళది పేదిల్లు అంటారు, ఆ ఇల్లు చూస్తే మా రంగనాథస్వామి గాలిగోపురం అంత ఉంటది. అంతస్తు తేడా అనే మాట మీద నడిచే కథలో రెండిళ్ళూ ప్యాలెస్‌లే అయితే ఇంక తేడా యాడుంది? ఐశ్వర్య ఎంత కష్టపడినా ఆ సెట్టు ముందు నిలబడటానికే సగం శక్తి పోతది. మాధురి మాత్రం వేరే లెక్క. ఆమె చంద్రముఖి ఈ సినిమాలో ఊపిరి. ఆమె ఉన్న సీన్లలో షారుఖ్ కూడా అరుపులు తగ్గించి మనిషి అవుతాడు, గమనించండి. ఇంకో మనిషి కిరణ్ ఖేర్, పార్వతి తల్లి. కూతురికి సంబంధం కుదిరిందనుకుని జమీందారు ఇంట్లో అందరి ముందూ సంతోషంగా ఆడి పాడతది, అదే నట్టింట్లో ఆమెని అవమానిస్తారు. ఆ ముఖం ఒక్కటి చాలు, ఆడపిల్ల తల్లులు ఎవరన్నా మీ పక్కన కూర్చుని ఉంటే వాళ్ళని చూడండి. మా అమ్మ ఈ సినిమా మొత్తంలో కన్నీళ్ళు పెట్టుకుంది అక్కడే, దేవదాసు పోయినప్పుడు కాదు.

పార్వతీ చంద్రముఖీ కలిసి డాన్స్ చేసే పాట, డోలా రే, నవల్లో వాళ్ళిద్దరూ అసలు కలవరు. బిమల్ రాయ్ ఒక చూపుతో వదిలేసినదాన్ని భన్సాలీ పది మందితో ఆడించినాడు. తప్పు అనను. పాట బ్రహ్మాండం, మా పిల్లలు మూడు సార్లు పెట్టించుకున్నారు. కాకపోతే ఈ రెండు సీన్లూ పక్క పక్కన చూస్తే మీకు ఏ రకం దేవదాసు కావాలో అక్కడే తేలిపోతది, మూడు గంటలు వేస్ట్ చేసుకోనక్కర్లేదు. చూపు నచ్చితే 1955, పాట నచ్చితే 2002. ఫ్రెండుగా జాకీ ష్రాఫ్, బాగానే ఉండాడు, గుర్తుండడు.

మా వాడు చెవిలో గొణిగిన సినిమా, దేవ్ డి, 2009. ముందే చెప్తుండా, ఇది అమ్మా నాయనల పక్కన కూర్చుని చూసేది కాదు, పెద్దోళ్ళకి మాత్రమే అనే 'A' సర్టిఫికెట్ సినిమా. పార్వతి పరుపు సైకిలుకి కట్టుకుని పొలానికి పోయే సీను ఒకటుంది, ఆ సైకిలు మా మిద్దె మీదికి వస్తే నా పరిస్థితేంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటరిగా చూడండి. కానీ చూడండి. ఎందుకంటే దేవదాసు పనికిమాలినోడు అని మొహమాటం లేకుండా చెప్పిన సినిమా ఇదొక్కటే. కథని పంజాబ్‌కీ ఢిల్లీకీ తెచ్చేసినాడు కశ్యప్. మాహీ గిల్ పార్వతి ఏడుస్తా కూర్చునే రకం కాదు, పెళ్ళి చేసుకుని సుఖంగా ఉంటది, వీడు వెనకాల పడితే వీడి గది ఊడ్చి, బట్టలు సర్ది, నీ బతుకు నువ్వు బతుకు అని చెప్పి పోతది. కల్కి కోక్లిన్ చంద్రముఖి అయితే కొత్త పుట్టుకే, స్కూల్లో చదువుకునేటప్పుడు ఒకడు తీసిన వీడియో బయటికి పోయి, ఇంట్లోవాళ్ళు దూరమై, అట్టా అక్కడికి చేరిన పిల్ల. చంద్రముఖి అసలు ఆ వీధికి ఎట్టా వచ్చింది అని మిగతా ఏ సినిమా ఇంత నిలబడి అడగలేదు. అభయ్ దేఓల్ హీరోలాగా ఉండడానికి అసలు ట్రై చెయ్యడు, అదే మంచిదైంది. చివర చెప్పను, ఇది మిగతావాటి లాగా ముగియదు అని మాత్రం చెప్తా.

మిగిలినవి గబగబా. 1935లో ప్రమథేశ్ బారువా బెంగాలీలో తనే తీసి తనే వేసినాడు, 1936లో హిందీలో సైగల్‌తో తీసినాడు. సైగల్‌ది పాటల కోసం, చరిత్ర కోసం చూడండి, నటనలో ఆయన కన్నా ఆయన గొంతే ముందు నడుస్తది. ప్రింటు బాగా పాతది, ఓపిక కావాలి. మన తెలుగులోనే 1974లో కృష్ణ దేవదాసు ఒకటుంది, విజయనిర్మల డైరెక్షను, ఆమే పార్వతి. ఒక ఆడమనిషి ఈ కథని డైరెక్ట్ చేసింది అనే ఆశతో కూర్చున్నా, కానీ కృష్ణ దేవదాసు కన్నా కృష్ణే ఎక్కువ కనపడినాడు. అదే టైంలో పాత దేవదాసుని మళ్ళీ హాళ్ళలో వేస్తే జనం దానికే పోయినారని చిన్నాయన నవ్వుతా చెప్తాడు. కృష్ణ ఫ్యాన్స్ అయితే కలర్లో ఒకసారి చూడొచ్చు, పోలిక పెట్టుకోకుండా.

ఆ ముసలి మొగుడి సంగతి చెప్తానన్నా కదా. ఈ కథలో నాకు ఎప్పుడూ అన్యాయం అనిపించే మనిషి ఆయనే. నవల్లో ఆయన చెడ్డోడు కాదు, భార్య పోయినోడు, పెద్ద పిల్లలున్నోడు, కొత్త భార్యని గౌరవంగానే చూస్తాడు. మన 1953లో సీఎస్సార్ ఆ మర్యాద బాగా పట్టినాడు, ఆయన్ని తిట్టుకోవాలని చూసినా కుదరదు, అందుకే పార్వతి కష్టం ఇంకా చిక్కు పడతది. ఎవడో రాక్షసుడికి ఇచ్చి చేసుంటే కథ సులువైపోయేది. 2002లో ఆ మర్యాదతో సరిపోదని ఇంటి అల్లుణ్ణి, కాళీబాబు అని, ఒక విలన్ని చేసి పెట్టినారు. విలన్ వచ్చినాడంటే ఇంక తప్పంతా వాడి నెత్తినేసి మనం చేతులు దులుపుకోవచ్చు. నాకైతే అది నచ్చలా.

ఇంక నా దగ్గరికొచ్చి అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇట్టా ఉంటది. ఒక్కటే చూస్తా, టైం లేదు అంటే 1953ది, రెండో మాట లేదు, అందులోనూ తెలుగు మన చెవికి తగలాల్సిన కథ ఇది. హిందీ వస్తే, సైలెంట్‌గా ఒక్కరే కూర్చుని చూసే అలవాటుంటే 1955ది, అదీ ఎవరూ లేని మధ్యాహ్నం పూట, గుంపులో అయితే ఆ సినిమా చచ్చిపోతది, మా మిద్దె మీద పెడితే సగం మంది నిద్రపోయినారు. చుట్టాలొచ్చినారు, పిల్లలున్నారు, ఏదో ఒకటి పెట్టాలి అంటే 2002ది, ఎవరూ లేచి పోరు. పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళు, ప్రేమ చెడి గడ్డం పెంచుతుండారు అనుకుంటే, దయచేసి జగమే మాయ చేతికివ్వకండి, దేవ్ డి ఇవ్వండి. మా ఫ్రెండు కొడుకు ఒకడికి నేను పొరపాటున ముందు మనది చూపించినా, వాడు వారం రోజులు పెన్నా బ్యారేజీ మీద ఒంటరిగా కూర్చోవడం మొదలుపెట్టినాడు, వాళ్ళమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

రెండు చూడగలిగేవాళ్ళు 1953, 1955 ఒకే వారంలో చూడండి, తెలుగుది ముందు. తిరగేసి చూస్తే సావిత్రి చిన్నపిల్లతనం కొంచెం అల్లరిగా అనిపించే ప్రమాదం ఉంది. మూడోది కావాలంటే 2002 వదిలేసి దేవ్ డికి పొండి. డిగ్రీలో ఈ నవల మీద ఏదన్నా రాసే పిల్లలు మాత్రం 2002 కూడా చూడాల్సిందే, ఇంత సన్న కథ అంత డబ్బు బరువు కింద ఎట్టా నలిగిందో రాయడానికి పనికొస్తది. పక్కింటి అమ్మాయికి ఇదే చెప్పినా, ఆమె "మీకు షారుఖ్ అంటే కుళ్ళు అంకుల్" అనింది.

ఈ మూడు వారాలూ నేను ఎన్ని చూపించినా మా అమ్మ అడిగేది ఒక్కటే. కరెంటు పోయిన రోజు జగమే మాయ తర్వాత మిగిలిన సినిమా ఆమెకి బాకీ. "దిలీప్ కుమార్‌ని చూసినా, షారుఖ్‌నీ చూసినా, మన నాగేశ్వరరావు దుర్గాపురం చేరినాడో లేదో చూడొద్దా?" అని. ఈ శనివారానికి ఎదురింటి హెడ్మాస్టర్ గారి ఇన్వర్టర్ నుంచి వైరు లాగి పెట్టుకున్నాం, ఆ పాట మొదటి నుంచి పెడతాం. బజ్జీలు కూడా ఈసారి రెండు పొట్లాలు చెప్పినా.